పాత బండికి పొల్యూషన్ పరీక్ష: నేరుగా వెళ్లాలా, ముందు మెకానిక్‌కి చూపించాలా?

మా ఇంట్లో మూడు బండ్లున్నాయి. నాన్న 1998లో కొన్న, పెట్రోల్‌లో ఆయిల్ కలిపి నడిపే టూ-స్ట్రోక్ స్కూటర్, 2004 నాటి చిన్న పెట్రోల్ కారు, నేను 2013లో తీసుకున్న 100 సీసీ బైకు. మూడింటి వయసూ కలిపితే షష్టిపూర్తి అయిపోయింది. ఇవి చాలవన్నట్టు మా బావ డీజిల్ బండి కూడా నా నెత్తినే పడుతుంది, ఆయనకి ఇలాంటి పనులంటే ఒళ్లు బరువు. అన్నీ ఆరు నెలల సర్టిఫికెట్ బండ్లే కాబట్టి ఏడాదికి ఎనిమిదిసార్లు పెట్రోల్ బంకు మూల నిలబడ్డ పొల్యూషన్ వ్యాను ముందు నేనుంటాను. ఎనిమిదికి తగ్గినట్టు నాకు గుర్తు లేదు, ఎక్కువైన సందర్భాలు మాత్రం ఉన్నాయి.

తెలిసినవాళ్లు అడిగేది ఒకటే: “పరీక్షకి వెళ్లేముందు బండికి ఏం చేయించాలి?” ముందు ఏమీ చేయించకండి అంటాను. రీడింగ్ చూసుకోండి. డాక్టరు దగ్గరికి వెళ్లకుండా మందుల షాపులో టానిక్కు కొన్నట్టుగా, చాలామంది బండిని ముందే సర్వీసుకి ఇచ్చేసి, రెండు మూడు వేలు పోశాక వ్యాను దగ్గరికి వస్తారు. అక్కడ తెలుస్తుంది, మార్చిన వస్తువుకీ ఫెయిలైన అంకెకీ సంబంధమే లేదని. పొల్యూషన్ పరీక్షకయ్యేది టిఫిన్ ఖర్చు. ఆ ఖర్చుతో వచ్చే రెండు అంకెలు చూస్తే మెకానిక్‌ని ఏం అడగాలో, అసలు అతని దగ్గరికి వెళ్లాలో లేదో తెలిసిపోతుంది.

ఒక్క జాగ్రత్త. పాత సర్టిఫికెట్‌కి ఇంకా పది పదిహేను రోజుల గడువు ఉండగానే వెళ్లండి. కొత్తది పరీక్ష జరిగిన రోజు నుంచే లెక్క కాబట్టి ఆ పది రోజులు నష్టమే, నిజమే. కానీ ఫెయిలైతే రిపేరు చేయించుకోవడానికి చేతిలో చెల్లే కాగితం ఉంటుంది. మోటారు వాహన చట్టంలో 2019 సవరణ తర్వాత, చెల్లే సర్టిఫికెట్ లేకుండా తిరిగితే జరిమానా గరిష్ఠంగా పదివేలు, పైగా మూడు నెలలు లైసెన్సు పోయే నిబంధన కూడా ఉంది. రోడ్డు మీద చలానా ఎంత రాస్తారన్నది వేరే సంగతి, నేనైతే ఆ ప్రయోగం చేయదలచుకోలేదు.

మీ బండికి పాస్ మార్కులెన్ని?

సైలెన్సర్‌లో పెట్టే గొట్టం అందరికీ ఒకటే, పాస్ మార్కులు మాత్రం బండి పుట్టిన తేదీని బట్టి ఉంటాయి. పెట్రోల్ బండికి చూసేవి ప్రధానంగా రెండు: కార్బన్ మోనాక్సైడ్ శాతం, అంటే సీఓ, కాలకుండా బయటికొచ్చే పెట్రోల్ ఆవిరి, అంటే హెచ్‌సీ. 2000 మార్చి 31 లోపు తయారైన టూవీలర్‌కి సీఓ 4.5 శాతం, హెచ్‌సీ 9000 పీపీఎం (పది లక్షల పాళ్లలో 9000) దాకా చెల్లుతుంది. మా నాన్న స్కూటర్ ఈ లెక్కలోకి వస్తుంది. ఆ తర్వాత బీఎస్-3 దాకా (బీఎస్ అంటే భారత్ స్టేజ్, ప్రభుత్వం పెట్టిన పొగ ప్రమాణం, అంకె పెరిగేకొద్దీ కఠినం) వచ్చిన టూవీలర్లకి సీఓ 3.5 శాతం, హెచ్‌సీ అయితే టూ-స్ట్రోక్‌కి 6000, ఫోర్-స్ట్రోక్‌కి 4500. కార్ల దగ్గరికొస్తే పట్టు బిగుస్తుంది. బీఎస్-2, బీఎస్-3 పెట్రోల్ కారుకి సీఓ అర శాతం, హెచ్‌సీ 750. బీఎస్-4 అయితే 0.3 శాతం, 200. బీఎస్-2 కన్నా ముందువాటికి 3 శాతం, 1500 కాబట్టి తొంభైల నాటి కార్బొరేటర్ కారు సునాయాసంగా గట్టెక్కుతుంటే, పదేళ్లు చిన్నదైన కారు ఫెయిలవుతుంది. అన్యాయంలా కనిపిస్తుంది గానీ, చిన్నదానిలో పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంది, పాతదానిలో లేదు. చదువుకున్నవాడి పేపరు కఠినంగానే దిద్దుతారు.

హైదరాబాద్ వాళ్లు తరచూ పొరబడేది గడువు దగ్గర. బీఎస్-4, ఆ పైవాటికి ఏడాది, అంతకన్నా పాతవాటికి ఆరు నెలలు. కార్లకి బీఎస్-4 హైదరాబాద్‌తో కలిపి 13 నగరాల్లో 2010 ఏప్రిల్‌లోనే వచ్చింది. దేశం మొత్తానికి 2017లో. టూవీలర్లన్నిటికీ తప్పనిసరి అయింది ఎక్కడైనా 2017లోనే. కాబట్టి ఒకే ఇంట్లో 2012లో ఒక కారు, ఒక బైకు కొన్నారనుకోండి, కారుకి ఏడాది సర్టిఫికెట్, బైకుకి ఆరు నెలలే. అదే ఏడాది ఏదైనా జిల్లాలో కొని తర్వాత నగరానికి తెచ్చుకున్న కారు బీఎస్-3 అయ్యుండొచ్చు, దానికీ ఆరు నెలలే. వాదనకి దిగేముందు ఆర్‌సీ మీద చూసుకోండి. ఒకసారి తీసుకున్న సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది, పండక్కి విజయవాడ వెళ్తే మళ్లీ చేయించుకోనక్కర్లేదు.

వేడిగా వెళ్లాలి

మా కారుని మొదటిసారి తీసుకెళ్లినప్పుడు ఇంటి నుంచి బంకు దాకా రెండు నిమిషాల ప్రయాణం. వ్యానులో కుర్రాడు గొట్టాన్ని సైలెన్సర్‌లోకి అడుగు దాకా దోపి, నెంబరు ప్లేటు ఫొటో తీసుకుని, లాప్‌టాప్ వైపు చూశాడు. సీఓ 0.5 దాటకూడదు. తెర మీద అంకె 0.7, 0.8, చివరికి 0.9 దగ్గర ఆగింది. నా మొహం చూసి జాలేసిందేమో, “జర నాగోల్ దాకా తిప్పుకొని రండి సార్, బంద్ చేయకుండ్రి” అన్నాడు. ఎల్బీ నగర్ నుంచి నాగోల్ వెళ్లి, ఇంజన్ ఆపకుండా తిరిగొచ్చాను. ఈసారి 0.2 చూపించింది. మధ్యలో కారుకి నేను చేసిన వైద్యం ఏదీ లేదు.

కన్వర్టర్ అన్నది ఒక చిన్న కొలిమి. లోపల దాదాపు 250 నుంచి 300 డిగ్రీల వేడి పుడితే గానీ పని మొదలుపెట్టదు. చల్లటి ఇంజన్‌లో పెట్రోల్ పాళ్లు కూడా ఎక్కువగానే ఉంటాయి. అందుకని పావుగంటకి తక్కువ కాకుండా నడిపి వెళ్లాలి. వ్యాను ముందు లైను ఉంటే కన్వర్టర్ మళ్లీ చల్లారుతుంది, ఆదివారం పొద్దున అందరూ అక్కడే ఉంటారు కాబట్టి నేను మామూలు రోజు పదకొండింటికి వెళ్తాను. గొట్టం పెట్టేముందు ఏసీ, లైట్లు ఆపేసి, అరనిమిషం పాటు యాక్సిలరేటర్ కొంచెం తొక్కి పట్టుకుని వదలండి. నిమిషానికి 2500 తిరుగుళ్ల దగ్గర ఉంచితే చాలు, రేసు తొక్కనక్కర్లేదు.

సైలెన్సర్‌కి బొక్క ఉంటే గాలి కలిసి అంకె తగ్గుతుంది కదా అని ఓ పెద్దమనిషి నాతో వాదించాడు. కార్బన్ డయాక్సైడ్, ఆక్సిజన్ కూడా చూసే మిషన్ అయితే గాలి కలిసిందని ఇట్టే పట్టేస్తుంది. పైగా ఆ పొగ కారులోకే వస్తుంది. వెల్డింగ్ పెట్టించుకోండి.

అంకె చూశాక ఎటు వెళ్లాలి?

సీఓ ఒక్కటే ఎక్కువైతే పెట్రోల్ ఎక్కువ తాగుతోందని, గాలి తక్కువైందని అర్థం. హెచ్‌సీ ఒక్కటే ఎక్కువైతే పెట్రోల్ లోపల సరిగ్గా కాలడం లేదని, అంటే నిప్పు బలహీనంగా ఉందనో, వాల్వుల దగ్గర లీకు ఉందనో, ఆయిల్ పైకి వస్తోందనో. రెండూ ఎక్కువైతే మొదట గాలి సంగతి, తర్వాత నిప్పు సంగతి చూడాలి. ఈ చిన్న లెక్క మీకు తెలిస్తే మెకానిక్ చెప్పే మాటల్లో సగం వడపోసుకోవచ్చు.

నేరుగా పరీక్షకే వెళ్లిపోవడం ఎవరికి సరిపోతుందంటే, క్రమం తప్పకుండా సర్వీసయ్యే ఎంపీఎఫ్ఐ కారుకి (కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్లు పెట్రోల్ చిమ్మేది), ఒక్క కిక్కుకి స్టార్టయ్యే ఫోర్-స్ట్రోక్ బైకుకి, డాష్‌బోర్డు మీద ఇంజన్ లైటు వెలగని దేనికైనా. ఇలాంటి బండిని పరీక్ష కోసమని విప్పించడం దండగ.

కార్బొరేటర్ బండి అయితే మాత్రం వీధి చివర మెకానిక్ ఉస్తాద్‌కి మించిన దిక్కు లేదు. నా బైకు కిందటి ఏడు సీఓ 4.6 చూపించింది, హెచ్‌సీ హద్దులోనే ఉంది. 3.5 దాటకూడదు కాబట్టి ఫెయిల్. మా ఉస్తాద్ డబ్బా మీద కూర్చుని, కాగితం ముక్క చూడకుండానే పక్కనుండే మూత, సైడు డూమ్, విప్పి ఎయిర్ ఫిల్టర్ బయటికి లాగాడు. గచ్చు మీద రెండుసార్లు తట్టాడు. సిమెంటు బస్తా దులిపినట్టు బూడిద రంగు దుమ్ము లేచి, పక్కన టీ తాగుతున్నాయన గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత చోక్ దగ్గరికొచ్చాడు, అంటే చల్లటి ఇంజన్ స్టార్టవడానికి పెట్రోల్ పాళ్లు పెంచే మీట. పైకి లాగి వదిలితే కిందికి పూర్తిగా దిగడం లేదు, సగంలో ఇరుక్కుంటోంది. “సార్, మీరు ఆరు నెలల నుంచి చోక్ మీదనే తిరుగుతున్నరు” అన్నాడు. మైలేజీ ఎందుకు పడిపోయిందా అని నేను బంకువాళ్లని తిట్టుకుంటున్న రోజులవి. ఫిల్టరు, చోక్ కేబులు, ప్లగ్గు, కూలీ కలిపి ఆరు వందలైంది. సాయంత్రం రీడింగు 2.3.

కార్బొరేటర్ పని చేయించేటప్పుడు వరుస ముఖ్యం. ముందు ఫిల్టరు, చోకు. తర్వాత ప్లగ్గు, టాపెట్ సెట్టింగ్. తర్వాత కార్బొరేటర్ విప్పి జెట్లు కడగడం, ఫ్లోట్ లెవెల్ చూడటం. అన్నిటికన్నా చివర పెట్రోల్, గాలి పాళ్లు మార్చే స్క్రూ తిప్పడం. చాలా చోట్ల మొదలుపెట్టేదే స్క్రూతో, ఎందుకంటే అది ముప్పై సెకన్ల పని. ఈ స్క్రూ సంగతి ఒకటి తెలుసుకోండి. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలిని ఆపే స్క్రూ, బిగించేకొద్దీ పెట్రోల్ పాళ్లు పెరుగుతాయి. ఇంజన్ వైపు ఉంటే తలకిందులు, విప్పేకొద్దీ పెరుగుతాయి. మీరే తిప్పదలచుకుంటే ముందు పూర్తిగా బిగిసేదాకా ఎన్ని చుట్లో లెక్కపెట్టి రాసుకోండి, తేడా వస్తే పాత చోటికి తేవచ్చు.

ఒకసారి వేరే చోట, తొందరలో, ఎవరో ఆ స్క్రూనే నమ్ముకుని నా బైకుకి సీఓ ఒక శాతం లోపుకి దించేశారు. సర్టిఫికెట్ చేతికొచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ సిగ్నల్ దగ్గర ఆగిన బండి మళ్లీ స్టార్టవలేదు, వెనకాల ఆర్టీసీ బస్సు హారను. పెట్రోల్ పాళ్లు మరీ తగ్గితే నిప్పు అందుకోదు, ఇంజన్ వేడెక్కుతుంది, సీఓ తగ్గినా హెచ్‌సీ పెరుగుతుంది. హద్దుకి కాస్త కింద ఉండటం చాలు, సున్నా అక్కర్లేదు. పైగా ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. దానివల్ల పాళ్లు వాటంతటవే పలచబడతాయి, పదేళ్ల కిందట పెట్టిన స్క్రూ సెట్టింగు ఇప్పుడు సరిపోకపోవచ్చు. ఇథనాల్ తేమని పీలుస్తుంది, పాత రబ్బరు పైపుల్ని మెత్తబరుస్తుంది. వానాకాలమంతా చెట్టు కింద నిలబెట్టిన బండి అయితే ట్యాంకు అడుగున చేరిన నీళ్లు తీయించి, పెట్రోల్ పైపు మార్చాకే మిగతా పని. పైపు పెద్ద ఖర్చు కాదు, రాణిగంజ్ లోనో పుత్లీబౌలీలోనో ఏ పాత బండికైనా దొరుకుతుంది.

పెద్ద సర్వీస్ సెంటర్‌కి ఎప్పుడు వెళ్లాలి? ఇంజన్ లైటు వెలిగినప్పుడు, బండి 2010 తర్వాతి బీఎస్-4 కారు అయినప్పుడు. ఆ కార్లకి లోపాన్ని గుర్తుపెట్టుకునే ఏర్పాటు ఉంటుంది, స్కానర్ పెడితే ఆక్సిజన్ సెన్సరో, మిస్‌ఫైరో చెప్పేస్తుంది. ఆక్సిజన్ సెన్సర్ పోతే పెట్రోల్ ఎక్కువ పోస్తూ ఉంటుంది, దాన్ని అలాగే వదిలేస్తే కన్వర్టర్ మాడిపోతుంది, ఆ ఖర్చు వేరే కథ. అంతకన్నా పాత ఎంపీఎఫ్ఐ కార్లకి మామూలు స్కానర్ తగలకపోవచ్చు. వాటికి ఎంపీఎఫ్ఐ పనే ప్రత్యేకంగా చేసే పాత మెకానిక్‌లు ఆటోనగర్ లాంటి చోట్ల ఉంటారు, నా ఓటు వాళ్లకే. ఇక కార్బొరేటర్ బండిని షోరూముకి తీసుకెళ్లకండి. అక్కడి పిల్లల్లో చాలామంది పుట్టింది ఇంజెక్షన్ వచ్చాకే. తప్పు వాళ్లది కాదు.

పెట్రోల్‌లో కలిపే సీసాల సంగతి. ఇంజెక్టర్ క్లీనర్ అని అమ్మేవి పూర్తిగా మోసమేం కాదు. ఇంజెక్టర్లలో మడ్డి పట్టిన కారుకి, ఒకటి రెండు ట్యాంకులు నడిచాక కొంత గుణం కనిపించొచ్చు. పరీక్షకి వెళ్లే పూట పోస్తే ఏమీ జరగదు. అరిగిన రింగుల్ని, మాడిన కన్వర్టర్‌ని, ఇరుక్కున్న చోకుని ఏ సీసా బాగుచేయలేదు. నేనైతే ఆ డబ్బుతో ఇంజన్ ఆయిల్ మారుస్తాను. నల్లబడ్డ పాత ఆయిల్‌లో పెట్రోల్ కలిసి ఉంటుంది, ఆ ఆవిరి మళ్లీ ఇంజన్ పీల్చుకునేలా అమరిక ఉంటుంది కాబట్టి రీడింగు మీద పడుతుంది. ఆయిల్ మార్చి వారం నడిపి వెళ్లడం నాకు రెండుసార్లు కలిసొచ్చింది.

ఇంజన్ విప్పే పని చివరి మాట. “బోరుకొచ్చింది సార్” అని, అంటే సిలిండరు అరిగిందని, ఎవరైనా అనగానే తలూపకండి. కంప్రెషన్ చూపించమనండి. పొగ రంగు మీరే చూడొచ్చు. పొద్దున స్టార్ట్ చేయగానే నీలంగా వచ్చి, కాసేపటికి ఆగిపోతే వాల్వ్ సీళ్లు, అది చిన్న పని. నడుస్తున్నప్పుడు యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడల్లా నీలంగా వస్తే రింగులు, సిలిండరు. నల్లగా వస్తే అది బోరు కాదు, పెట్రోల్ ఎక్కువ పడటమే, మళ్లీ ఫిల్టర్ దగ్గర మొదలుపెట్టాలి. చలి పొద్దున తెల్లగా వచ్చి ఆగిపోయేది ఆవిరి, దాని గురించి నిద్ర మానుకోనక్కర్లేదు. నిజంగానే బోరు చేయించాల్సి వస్తే మొదటి సైజు పిస్టన్ 0.25 మిల్లీమీటర్లే పెద్దది. ఒకేసారి 0.50కి వెళ్దామంటే ఎందుకో అడగండి.

డబ్బులిస్తే బండి తేకుండానే కాగితం చేతిలో పెట్టేవాళ్లు ఉంటారు. ఆ కాగితం చలానా నుంచి కాపాడుతుందేమో గానీ, లీటరుకి పది కిలోమీటర్లు తక్కువ ఇస్తున్న బండి నుంచి కాపాడదు.

నాన్న స్కూటర్

టూ-స్ట్రోక్ వేరే జాతి. ఆయిల్ పెట్రోల్‌లో కలిసి కాలుతుంది కాబట్టి కాస్త పొగ దాని స్వభావం, అందుకే హెచ్‌సీ హద్దు అంత ఎత్తున పెట్టారు. ఈ స్కూటర్ల ఫెయిళ్లలో ఎక్కువ భాగం ఇంజన్‌వి కావు, ఆయిల్ పోసే చేతివి. చాలా స్కూటర్లకి పాళ్లు రెండు శాతం, అంటే లీటరుకి 20 మిల్లీలు. మా నాన్న కొలత మాత్రం మూతతో: “ఒకటి పొయ్యి, ఇంజన్ పదిలంగా ఉంటది, ఇంకోటి పొయ్యి.” ఆ రెండో మూత పొగై సైలెన్సర్ నిండా మసి కడుతుంది, మసి కడితే పొగ బయటికి పోదు, ఇంజన్‌కి ఊపిరాడదు. దగ్గుమందు ఎక్కువ తాగితే దగ్గు తగ్గదు నాన్నా అంటే ఆయనకి కోపం. చివరికి మందుల షాపులో పిల్లల సిరప్పుకిచ్చే కొలత గ్లాసు తెచ్చి డిక్కీలో పెట్టాను. ఇప్పుడు దానితోనే పోస్తారు, పోసి ఇంకో చుక్క వేస్తారు.

సైలెన్సర్ మసి తీయించడం, సిలిండర్ హెడ్డు గీకించడం, ప్లగ్గు మార్చడం, మూడూ ఒకే పూట పని. పాతబస్తీ వైపు ఈ స్కూటర్లు చేతివేళ్ల మీద తెలిసిన మెకానిక్‌లు ఇంకా ఉన్నారు. సైలెన్సర్ మరీ తుప్పు పట్టి ఉంటే కాల్చి శుభ్రం చేయించే బదులు కొత్తది వేయించడం నయం.

డీజిల్ అయితే ముందు బెల్టు

డీజిల్ పరీక్ష తీరే వేరు. గొట్టం పెట్టి, న్యూట్రల్‌లో యాక్సిలరేటర్ అడుగంటా తొక్కి వదులుతారు, అలా చాలాసార్లు. పొగ ఎంత చిక్కగా ఉందో వెలుతురు పంపి కొలుస్తారు. బీఎస్-3 దాకా హద్దు 65 హెచ్‌ఎస్‌యూ (పొగ చిక్కదనం కొలత), బీఎస్-4కి 50. ఇక్కడ నాకు పొగ కన్నా భయం టైమింగ్ బెల్టు. ఎప్పుడు మార్చారో గుర్తులేని బెల్టుతో ఇంజన్‌ని చివరిదాకా రేసు చేయడం అంటే తెగిపోయే తాడు మీద ఊగడమే. తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్‌కి తగిలి వంగిపోతాయి. మా బావని “బెల్టు ఎప్పుడు మార్చారు బావా?” అంటే “కొన్నప్పుడు ఉండింది కదా” అన్నాడు. పరీక్ష వాయిదా వేసి, ముందు బెల్టు వేయించాం. మీ బండికి బెల్టు కాకుండా చైనుంటే ఈ బెంగ అంతగా లేదు. ఆయిల్ నిండుగా ఉందో, ఇంజన్ వేడెక్కిందో చూసుకుంటే చాలు.

తర్వాత వరుస: ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్, అందులో చేరిన నీళ్లు. ఫిల్టర్లు రెండూ మార్చి, నీళ్లు తీయించి, ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కించి ఇరవై కిలోమీటర్లు ఒక గేరు తక్కువలో, ఇంజన్ కాస్త గట్టిగా తిరిగేలా నడిపి తెండి. ఊళ్లో రెండో గేరులో నత్తనడక నడిచిన డీజిల్ పొగగొట్టంలో పేరుకున్న మసి అక్కడ ఊడిపోతుంది, లేకపోతే అదంతా పరీక్షలో మొదటి తొక్కుకే బయటపడుతుంది. అప్పటికీ నల్లగానే ఉంటే నాజిళ్లు టెస్టింగ్‌కి ఇవ్వాలి. డీజిల్ పంపు సర్వీసు చేసే షాపులో నాజిల్ స్ప్రే మీ కళ్ల ముందే చూపిస్తారు. మంచిది పొగమంచులా విచ్చుకుంటుంది, పాడైంది చుక్కలు కారుస్తుంది. పంపు స్క్రూ తిప్పి డీజిల్ తగ్గిస్తే పొగ తగ్గే మాట నిజమే, మా బావ అదే చేయిద్దామన్నాడు. పంపు మీద సీలు పోతుంది, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు బండి మూలుగుతుంది, నెల తిరక్కుండా మళ్లీ తిప్పిస్తారు. నాజిళ్లకే పెట్టండి ఆ డబ్బు.

ఉంచుకోవాలా, వదిలేయాలా?

పదిహేనేళ్లు దాటితే పొల్యూషన్ సర్టిఫికెట్ ఒక్కటే సరిపోదు, ఆర్టీఏలో బండి చూపించి రిజిస్ట్రేషన్ ఐదేళ్ల చొప్పున పొడిగించుకోవాలి, గ్రీన్ ట్యాక్స్ అదనం. కేంద్రం 2022 ఏప్రిల్ నుంచి ఈ పొడిగింపు ఫీజుని టూవీలర్‌కి 300 నుంచి వెయ్యికి, కారుకి 600 నుంచి 5000కి పెంచింది. ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో మళ్లీ రెట్టింపు చేసి రెండు వేలు, పదివేలు చేసింది. ఢిల్లీలోలాగా పదేళ్ల డీజిల్, పదిహేనేళ్ల పెట్రోల్ అని ఇక్కడ గీత గీయలేదు. తెలంగాణ 2024లో తెచ్చిన స్క్రాపింగ్ విధానం స్వచ్ఛందం. పాతది తుక్కుకి ఇచ్చినవాళ్లకి కొత్త బండి పన్నులో కొంత తగ్గింపు. విద్యుత్ బండి కొంటే 2026 డిసెంబర్ దాకా రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు, దానికి పొల్యూషన్ సర్టిఫికెట్ గొడవే లేదు.

గ్యాస్ కిట్ వేయిస్తే పొగ తగ్గుతుంది కదా అని అడుగుతారు. నగరంలో సీఎన్‌జీ దొరుకుతుంది, కానీ అనుమతి ఉన్న కిట్టే వేయించాలి, ఆర్‌సీలో రాయించాలి, సిలిండర్ పరీక్షలు వేరే. రోజుకి యాభై అరవై కిలోమీటర్లు తిరిగే బండికైతే గిట్టుబాటు. ఆదివారం గుడికి తిరిగే కారుకి కాదు.

నా లెక్క ఇలా ఉంటుంది. వరుసగా రెండు పరీక్షల్లో ఫిల్టరు, ప్లగ్గు, ఆయిల్‌తో గట్టెక్కిన బండిని ఉంచుకుంటాను. రీడింగు కోసం ఇంజన్ విప్పాల్సి వస్తే, ఆ ఖర్చుకి వచ్చే ఐదేళ్ల రిజిస్ట్రేషన్ ఫీజు, గ్రీన్ ట్యాక్స్ కలిపి, బండి ఈ రోజు అమ్మితే వచ్చే ధరతో పోల్చి చూస్తాను. సగం దాటితే అమ్మకమే. బైకు ఉంటుంది. కారు 2024లో 5000 కట్టి పొడిగించాం, 2029లో పదివేలు కట్టేంత ప్రేమ మిగులుతుందనుకోను. బావ నాజిళ్లు మార్పించి ఇంకో ఏడాది చూద్దామంటున్నాడు, మూడేళ్ల నుంచీ ఆ మాటే.

స్కూటర్‌కి మాత్రం ఈ లెక్క వేయలేదు. 2023లో పొడిగించాం, 2028 దాకా కాగితాలున్నాయి. మొన్న పరీక్షలో సీఓ 3.1 వచ్చింది, 4.5కి చాలా కింద. వ్యాను కుర్రాడు ప్రింటు తీసి నాన్న చేతికిస్తే, కళ్లజోడు పెట్టుకుని అంకె చదివి, “ఇంకో మూత పోసినా పాసయ్యేది” అన్నారు.